గడప కడగని కారు

మా పిన్ని కూతురి పెళ్ళికి బయల్దేరేముందు కారును వాషింగ్ సెంటర్‌లో ఇచ్చాను. 600 రూపాయలు తీసుకున్నారు. నురగ కొట్టారు, కడిగారు, టైర్లకు నల్లటి మెరుపు పూశారు, డాష్‌బోర్డు మీద నిమ్మకాయ వాసన స్ప్రే కొట్టారు. కల్యాణమండపం ముందు ఆగేసరికి ఎండలో బండి తళతళలాడుతోంది. వెనక తలుపు తీసుకుని నాన్న దిగారు. మడతలు కూడా సరిగ్గా విడని కొత్త తెల్ల పంచె. రెండడుగులు వేశారో లేదో, వెనకనుంచి అమ్మ "ఏవండీ, ఒక్క నిమిషం ఆగండి" అంది. పంచె మీద, పిక్క దగ్గర, జానెడు పొడవున నల్లటి గీత.

నాన్న వంగి పంచె చూసుకున్నారు. వెనక్కి వచ్చి, తెరిచి ఉన్న తలుపు కింద బండి అంచు మీద చూపుడువేలితో గీశారు. ఆ వేలు తెచ్చి నా మొహం ముందు పెట్టారు. గ్రీజూ మట్టీ కలిసి చిక్కటి కాటుకలా ఉంది.

"బండి అద్దంలా ఉందిరా. గడప మాత్రం ఎవరూ కడగలేదు."

తలంబ్రాలయ్యి, భోజనాలు అయ్యేదాకా ఆయన ఎడంచేత్తో పంచె కుచ్చిళ్ళు పట్టుకునే తిరిగారు. ఏమైందని అడిగినవాళ్ళందరికీ "మావాడి కారు" అని ఒక్క ముక్క మాత్రం చెప్పారు.

మర్నాడు వాషింగ్ సెంటర్‌కి వెళ్ళాను. నీళ్ళగొట్టం పట్టుకున్న కుర్రాణ్ణి అడిగితే "నాది బయట సార్" అన్నాడు. వాక్యూమ్ పట్టుకున్న కుర్రాణ్ణి అడిగితే "నాది లోపల సార్" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తలుపులు మూసి బయట కడుగుతారు. తలుపులు తీసి లోపల ఊడుస్తారు. మూస్తే లోపలిదై, తీస్తే బయటిదయ్యే ఆ నాలుగు వేళ్ళ వెడల్పు జాగా ఎవరి వాటాలోకీ రాలేదు. పని ఎగ్గొట్టిన మనిషంటూ లేకుండానే పని మిగిలిపోయింది.

కోపంగా వెళ్ళినవాణ్ణి, దారిలో నవ్వుకుంటూ వెనక్కి వచ్చాను. నాలుగేళ్ళుగా వీలైన ఆదివారమల్లా ఆ బండిని కడిగింది నేనే. ఒక్కసారి కూడా ఆ అంచు మీద గుడ్డ పెట్టలేదు. కడిగేటప్పుడు నాదీ బయటే, తుడిచేటప్పుడు నాదీ లోపలే.

ఈ అధ్యాయం ఆ జాగా గురించి.

గడపా, ద్వారబంధమూ

ఇంగ్లీషులో దీన్ని డోర్ జాంబ్ అంటారు. కాలు అని అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిన పేరు. తలుపుకు అటూ ఇటూ నిలబడే కాళ్ళన్నమాట. మనకు అంత దూరం వెళ్ళక్కర్లేదు. ఇంటి తలుపుకు ఉన్నట్టే కారు తలుపుకూ ద్వారబంధం ఉంది, కింద గడప ఉంది. కాకపోతే ఇంటి గడపకు పసుపు రాసి బొట్లు పెడతాం, కారు గడపను బూటుకాలితో తొక్కి లోపలికి వెళ్తాం.

ఏదో ఒక తలుపు బార్లా తెరిచి, పక్కన గొంతుక్కూర్చుని ఒక్క నిమిషం చూడండి. ముందువైపు తలుపును మోసే రెండు మడతబందులు కనిపిస్తాయి. వాటి మధ్య, తలుపును సగంలో ఒకసారి, పూర్తిగా తెరిచాక ఒకసారి పట్టి ఆపే ఇనప పట్టీ ఉంటుంది. మెకానిక్కులు దాన్ని స్టాపర్ అంటారు. ఆ దగ్గర్లోనే తలుపులోకి కరెంటు తీగలు తీసుకెళ్ళే ముడతల రబ్బరు గొట్టం. వెనకవైపు స్తంభానికి ఇనప కొక్కెం, తలుపు అంచున దాన్ని ఒడిసిపట్టే తాళం. చుట్టూ నల్లటి రబ్బరు బీడింగ్. తలుపు అడుగు అంచున, వంగి చూస్తే తప్ప కనిపించని చిన్న చిన్న బెజ్జాలు.

వెనక తలుపుల అంచున ఇంకొకటి ఉంది. మా మామగారు ఒకసారి వెనక సీట్లో ఉండిపోయారు. లోపలి నుంచి ఎంత లాగినా తలుపు రాలేదు. తాళం పాడైందనుకుని మెకానిక్కుకు ఫోన్ కూడా చేశాను. ఆయన "తలుపు అంచు మీద చిన్న మీట ఉంటుంది, చూడండి" అన్నాడు. చైల్డ్ లాక్! ఎవరి గుడ్డో తగిలి కిందికి జరిగింది. మట్టి పట్టి ఉండటంతో అక్కడ మీట ఉందన్న సంగతే నాకు తెలియదు. అది పడితే లోపలి పిడి పని చేయదు, బయటి నుంచి మాత్రం తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది.

డ్రైవర్ పక్క స్తంభం తుడిచినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మట్టి కింద తెల్లటి స్టిక్కర్. ఏ టైరులో ఎంత గాలి ఉండాలో కంపెనీవాళ్ళు అచ్చేసి అతికించినది. పెట్రోలు బంకులో "ఎంత పెట్టమంటారు సార్" అని అడిగిన ప్రతిసారీ నేను దర్జాగా "35" అనేవాణ్ణి. స్టిక్కర్ మీద 30 అని ఉంది. ఆ అంకె టైర్లు చల్లగా ఉన్నప్పటి లెక్క. నాలుగేళ్ళూ ఆ మాట నా మోచేతి పక్కనే ఉంది. చాలా కార్లలో ఈ స్టిక్కర్ అక్కడే ఉంటుంది, కొన్నిటిలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. మీది ఎక్కడుందో ఇవాళే చూసుకోండి.

ఆ జాగా చెప్పే జాతకం

సెకండ్‌హ్యాండ్ కార్లు కొనే అనుభవజ్ఞుణ్ణి ఎప్పుడైనా గమనించండి. బానెట్ మెరుపును పట్టించుకోడు. తలుపు తీసి, రబ్బరు బీడింగ్‌ను జానెడు మేర ఊడదీసి, లోపలి రేకు చూస్తాడు. ఫ్యాక్టరీలో రేకులను అతికించిన స్పాట్ వెల్డింగ్ గుంటలు అక్కడ గుండ్రంగా, వరసగా, దాదాపు సమానమైన ఎడంతో ఉంటాయి. ఆ వరస చెదిరిందంటే బండికి గట్టి దెబ్బ తగిలి, మళ్ళీ అతికించారని అనుమానిస్తాడు. రంగు బయట ఒకలా, ద్వారబంధంలో ఒకలా ఉంటే మళ్ళీ రంగు వేశారని పసిగడతాడు.

తర్వాత వేలు పెట్టి గడప మూలలు, బీడింగ్ వెనక సందులు తడుముతాడు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు నీట మునిగాయో చూశాం. మునిగిన బండికి సీట్లు మార్చవచ్చు, కార్పెట్ మార్చవచ్చు. ఆ సందుల్లో చేరిన సన్నటి ఒండ్రుమట్టిని పూర్తిగా తీయడం కష్టం. అందుకే వాళ్ళు ముందు అక్కడ వెతుకుతారు. మీ బండి మునగకపోయినా, ఆ సందుల్లో నాలుగేళ్ళ మట్టి పేరుకుని ఉంటే కొనేవాడి మనసులో ప్రశ్న పుడుతుంది, ధర కిందికి దిగుతుంది.

మట్టి చేసే మూడు పనులు

అనంతపురం వైపు ఎర్రదుమ్ము, గుంటూరు వైపు తడిస్తే బంకలా అంటుకునే నల్లరేగడి, విశాఖ, కాకినాడ, బందరు తీరాల్లో ఉప్పుగాలి. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కనుంచి వెళ్తే బీడింగ్ సందుల్లో ఊక కూడా చేరుతుంది. ఊరిని బట్టి సరుకు మారుతుందే గాని, అది చేసే పని ఒకటే.

మొదటిది అరగదీయడం. తలుపు మూసిన ప్రతిసారీ రబ్బరుకూ రేకుకూ మధ్య ఇసుక నలుగుతుంది. గరుకు కాగితంతో రోజుకు పదిసార్లు రుద్దినట్టే. కొన్నేళ్ళకు బీడింగ్ ఆనే చోట రంగు మీద తెల్లటి గీత పడుతుంది.

రెండోది తడిని పట్టి ఉంచడం. ఇనుముకు నీళ్ళూ గాలీ కలిసి తగిలితే తుప్పు పడుతుంది, ఉప్పు తోడైతే ఇంకా త్వరగా పడుతుంది. బానెట్ మీద పడిన వాన గంటలో ఆరిపోతుంది. గడప మూలలో మట్టి పీల్చుకున్న వాన రోజుల తరబడి అక్కడే ఉంటుంది. తలుపు అంచు దగ్గర బయటి రేకును లోపలి రేకు మీదికి మడిచి నొక్కుతారు. ఆ మడతలోకి తడి దిగిందంటే, పైకి పొక్కులా కనిపించే నాటికి లోపల చాలా భాగం తినేసి ఉంటుంది.

మూడోది బిగుసుకుపోవడం. గ్రీజులో దుమ్ము కలిసి ముద్దై, మడతబంది కిర్రుమంటుంది, స్టాపర్ టకటకమంటుంది. తలుపు సుతారంగా వేస్తే పడదు. అప్పుడు మనం దభాలున వేయడం మొదలుపెడతాం. ఇంట్లో పిల్లలు మన దగ్గరే నేర్చుకుంటారు.

సరంజామా

కొనాల్సింది తక్కువ. మెత్తటి కుచ్చు ఉన్న రెండంగుళాల పెయింటు బ్రష్షు, పాత టూత్‌బ్రష్షు, మైక్రోఫైబర్ గుడ్డలు మూడు, నీళ్ళు చల్లే స్ప్రే సీసా, కారు షాంపూ. పాత కాటన్ బనియన్ ఒకటి గ్రీజు తుడవడానికి. అది ఆ పనికే అంకితం, దాన్ని మళ్ళీ రంగు మీద పెట్టకూడదు. కొబ్బరి ఈనెలు రెండు, ఎందుకో తర్వాత చెబుతాను.

బట్టల సబ్బుపొడి వాడకండి. అందులో సోడా ఉంటుంది, క్షారగుణం ఎక్కువ. మురికితో పాటు రంగు మీది మైనపు పూతను కూడా పట్టుకుపోతుంది.

ప్రెషర్ వాషర్ గురించి ఒక మాట. ఇంట్లో వాడే చిన్న మిషను కూడా 100 బార్ దాకా ఒత్తిడి ఇస్తుంది. మీ టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త పైన. అంటే టైరులో ఉన్నదానికి దాదాపు యాభై రెట్లు. ఆ ధారను తెరిచిన తలుపు మీదికి తిప్పితే తాళంలోకి, సీటుబెల్టు చుట్టుకునే చోటికి, తీగల జాయింట్లలోకి, స్పీకరులోకి, కార్పెట్ కిందికి నీళ్ళు వెళ్తాయి. కార్పెట్ కింది స్పాంజి తడిస్తే ఎండటానికి వారం చాలదు. ద్వారబంధానికి గొట్టం అక్కర్లేదు, తడిగుడ్డ చాలు.

చేసే వరస

ఒక తలుపుకు పది నిమిషాలు. మొదటిసారి మాత్రం అరగంట పడుతుంది, నాలుగేళ్ళ బాకీ కదా.

1. బండిని నీడలో పెట్టండి. లోపలి దీపం ఆర్పేయండి. తలుపు చాలాసేపు తెరిచి ఉంటే బ్యాటరీ మీద భారం పడుతుంది.

2. ముందు పొడి పని. బ్రష్షుతో సందుల్లో మట్టి, ఇసుక, ఎండుటాకులు రాల్చండి. వాక్యూమ్ ఉంటే పట్టండి. ఈ మెట్టు దాటేసి తడిగుడ్డ పెడితే, దుమ్ము కాస్తా బురదై సందుల్లో ఇంకా లోపలికి దిగుతుంది. వాహనపూజ చేయించినప్పుడు రాలిన కుంకుమైతే తప్పకుండా పొడిగానే దులపండి. తడి తగిలితే తెల్ల బండి మీద గులాబీ మరక మిగులుతుంది.

3. షాంపూ కలిపిన నీళ్ళను గుడ్డ మీద చల్లి, పైనుంచి కిందికి తుడవండి. పై అంచు, రెండు స్తంభాలు, తలుపు లోపలి అంచు, చివరికి గడప. కింది నుంచి మొదలుపెడితే గడప మట్టి పైదాకా ఎక్కుతుంది.

4. బీడింగ్‌ను వేలితో మెల్లగా మడిచి, పెదవి లోపల కూడా తుడవండి. అసలు మట్టి అక్కడే ఉంటుంది. లాగకండి. ఊడితే మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టడానికి ఓపిక కావాలి.

5. కొక్కెం, తాళం, మడతబందులు, స్టాపర్, ఈ నాలుగూ బనియన్ గుడ్డకు. ముదిరిన గ్రీజు ముద్దను టూత్‌బ్రష్షుతో కదిపి తీయండి.

6. మంచినీళ్ళ గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడిచి, పది నిమిషాలు తలుపు తెరిచే ఉంచండి. తడి ఉండగా మూస్తే చేసిన పనంతా తుప్పుకు నైవేద్యం.

అక్కడ అతికించి ఉన్న స్టిక్కర్లను గోకకండి. టైరు ఒత్తిడి, ఎయిర్‌బ్యాగు హెచ్చరిక, కొన్ని బళ్ళలో రంగు కోడు కూడా వాటి మీదే ఉంటాయి.

ఇంకో లాభం ఉంది. శుభ్రంగా తుడిచిన వారానికి మళ్ళీ తలుపు తీసి చూడండి. కొత్త దుమ్ము బీడింగ్ దాకా వచ్చి అక్కడ గీత గీసినట్టు ఆగిపోతే మీ రబ్బరు గట్టిగా ఉన్నట్టు. గీత దాటి లోపలికి దుమ్ము చారలు వచ్చాయంటే రబ్బరు అక్కడ నలిగిందనో, కూర్చోలేదనో అర్థం. అనుమానముంటే పది రూపాయల నోటును ఆ చోట అడ్డంగా పెట్టి తలుపు వేయండి, మెల్లగా లాగండి. బిగుసుగా వస్తే సరే. జారుతూ వచ్చేస్తే వచ్చే వానకు నీళ్ళు దారి చూసుకునేది అక్కడే.

రబ్బరుకు సిలికోన్, ఇనుముకు కందెన

వాటర్ సర్వీసింగ్ చేయిస్తే కొన్నిచోట్ల బండి అడుగున డీజిల్ కొట్టి పంపుతారు. తలుపు సందుల్లో కూడా నాలుగు చుక్కలు పోస్తారు. ఆ రోజుకు నల్లగా నిగనిగలాడుతుంది. కార్ల బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండకు, వానకు, గాలికి అది బాగా తట్టుకుంటుంది. పెట్రోలియం నూనెలకు మాత్రం తట్టుకోలేదు, ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పట్టు పోతుంది. అందువల్ల డీజిల్, కిరోసిన్, ఇంజను ఆయిలు, వాజ్‌లైన్ ఏవీ బీడింగ్ మీద పెట్టకండి. దానికి సరిపడేది సిలికోన్ స్ప్రే. తిన్నగా రబ్బరు మీద కొట్టకుండా గుడ్డ మీద కొట్టి, పల్చగా రాసి, మిగిలింది తుడిచేయండి. ఎండాకాలం తలుపు తీసినప్పుడు అంటుకున్నట్టు చప్పుడు రావడం తగ్గుతుంది. గడప మీద, పెడళ్ళ మీద మాత్రం అది పడకూడదు, కాలు జారుతుంది.

ఇనుము కథ వేరు. మా తాతగారు ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టేవారు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి, చక్రం తీసి, ఇరుసుకు దట్టంగా పట్టించేవారు. ఆముదానికి కందెనగా పేరు ఊరికే రాలేదు. క్యాస్ట్రాల్ అనే నూనె పేరు కూడా ఆముదపు ఇంగ్లీషు పేరు నుంచే పుట్టింది. తాతగారు ఇంకో పని కూడా చేసేవారు, కొత్త కందెన పెట్టేముందు పాతదాన్ని పుల్లతో గీకి తీసేసేవారు. మనం మర్చిపోయేది ఆ పుల్లనే. కిర్రుమన్నప్పుడల్లా పాత ముద్ద మీదే కొత్త నూనె పోస్తాం. దుమ్ము ఇంకాస్త పట్టుకుంటుంది.

చాలామంది ఇళ్ళల్లో డబ్ల్యూడీ-40 డబ్బా ఉంటుంది. 1953లో అమెరికాలో తేమను తరిమి తుప్పు పట్టకుండా చూసేందుకు చేసిన మందు అది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని పేరులోనే 40 పెట్టుకున్నారు. ముదిరిన గ్రీజును కరిగించడానికి, తడిని వెళ్ళగొట్టడానికి బాగుంటుంది. నెలల తరబడి మడతబందిని కాపాడే గ్రీజు మాత్రం కాదు. దానితో శుభ్రం చేశాక తుడిచేసి, తెల్ల లిథియం గ్రీజు బఠాణీ గింజంత పెట్టండి. తలుపు నాలుగుసార్లు ఆడించి, బయటికి వచ్చినదాన్ని తుడిచేయండి. కొక్కెం మీద పూత ఇంకా పల్చగా ఉండాలి. ఎక్కువైతే అది మళ్ళీ ఎవరి పంచె మీదికో వెళ్తుంది.

నీళ్ళు పోయే దారి

కారు తలుపు లోపల బోలు. కిటికీ అద్దం పక్క సందులోంచి వాననీళ్ళు లోపలికి దిగుతూనే ఉంటాయి. అది లోపం కాదు, కట్టినవాళ్ళు ఊహించిందే. అందుకే తలుపు అడుగున బెజ్జాలు పెట్టారు. వాటిని మట్టి మూసేసినా, కందిరీగ గూడు కట్టినా నీళ్ళు లోపలే నిలుస్తాయి. మలుపు తిరిగినప్పుడు తలుపులోంచి, కొబ్బరికాయ ఊపినట్టు గలగల వినిపిస్తే సంగతి అదే.

ఇక్కడికే కొబ్బరి ఈనె. బెజ్జంలో పెట్టి మెల్లగా తిప్పితే మట్టి రాలుతుంది. వంగుతుంది, రంగును గీరదు. ఇనప తీగ పెడితే గీత పడుతుంది, గీత పడ్డచోట తుప్పు మొదలవుతుంది. నేను మొదటిసారి తిప్పినప్పుడు ముందు ఎడమ తలుపులోంచి టీ గ్లాసుడు ఎర్రనీళ్ళు కారాయి. ఆ నీళ్ళ ఎరుపు మట్టిదో తుప్పుదో ఇప్పటికీ తేల్చుకోలేదు. తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి ఈ బెజ్జాలు చూసుకోవాలి.

చిన్న తుప్పుచుక్క కనిపిస్తే ఆ రోజే పని పట్టండి. సీటుబెల్టు కొన బయట ఉండగా తలుపు వేసినప్పుడు గడప అంచున రంగు లేచిపోయే చోట్లు ఎక్కువ. సన్నటి గరుకు కాగితంతో మెరిసే ఇనుము వచ్చేదాకా రుద్ది, ప్రైమరు పెట్టి, ఆరాక మీ బండి రంగు కోడు ప్రకారం టచప్ పెయింటు పుల్లతో అద్దండి. రంగు అచ్చంగా కలవకపోయినా ఫరవాలేదు, తలుపు మూస్తే కనిపించదు. పొక్కు లేచి, గోరుతో నొక్కితే రేకు కుంగితే మాత్రం అది డెంటింగ్ షాపు పని.

నాలుగు తలుపులు, నాలుగు ఆదివారాలు

ఇదంతా చదివి, ఈ ఆదివారమే నాలుగు తలుపులూ పట్టేద్దామనిపిస్తుంది. పట్టకండి. రెండు గంటలు నడుం వంచి చేసిన పని మళ్ళీ ఆరు నెలలదాకా గుర్తుకు రాదు. నేను ఒక ఆదివారం ఒక్క తలుపే చేస్తాను. మొదటి ఆదివారం డ్రైవర్ తలుపు, అక్కడినుంచి ప్రదక్షిణగా ఒక్కొక్కటి. ఏడాదికి నాలుగైదుసార్లు నెలలో ఐదో ఆదివారం వస్తుంది. అది డిక్కీ అంచుకూ పెట్రోలు మూతకూ కేటాయించాను. డిక్కీ చుట్టూ ఉన్న కాలువలో ఆకులు మూసుకుంటే ఆ నీళ్ళు స్టెప్నీ గుంటలో చేరతాయి. సిలికోన్, గ్రీజు, పల్చటి మైనపు పూత ఏడాదికి రెండుసార్లు, మే నెలాఖరున ఒకసారి, దసరాకు ఒకసారి. ఆయుధపూజకు ఎలాగూ బండి కడుగుతాం కదా.

సంకల్పం గురించి ఈ పుస్తకంలో చాలాచోట్ల మాట్లాడుకున్నాం. ఇక్కడ అది పెద్దగా అక్కర్లేదు. మొదటి ఆదివారం అనగానే డ్రైవర్ తలుపు గుర్తొస్తే చాలు.

నాది బయట సార్, నాది లోపల సార్

ఆ వాషింగ్ సెంటర్ కుర్రాళ్ళ మాట నన్ను కొన్నాళ్ళు వదల్లేదు. మా ఇంట్లోనే లెక్క వేశాను. వంటగది తుడిచేవాళ్ళు ఫ్రిజ్ తలుపు రబ్బరు తుడవరు, ఫ్రిజ్ సర్దేవాళ్ళూ తుడవరు. జారుడు కిటికీల పట్టాల్లో మట్టి గది ఊడ్చేవాళ్ళదీ కాదు, అద్దాలు తుడిచేవాళ్ళదీ కాదు. ఇవి పెద్ద సంగతులు కావు.

పెద్దది ఒకటి ఉంది. పెళ్ళి అయిన రెండు నెలలకు అమ్మ పేపరు చదవడం మానేసింది. "కళ్ళు మసకేస్తున్నాయిరా, ఆ అక్షరాలు చిన్నవి చేసినట్టున్నారు" అంది. తమ్ముడికి ఫోన్ చేశాను. "నువ్వు చూపించావనుకున్నానన్నయ్యా, మందులవీ నువ్వే చూస్తావుగా" అన్నాడు. నేనేమో వాడి ఇంటికి దగ్గరే కంటాసుపత్రి ఉంది, వాడు తీసుకెళ్ళే ఉంటాడనుకున్నాను. ఎనిమిది నెలలు. ఇద్దరం ప్రతి ఆదివారం అమ్మతో మాట్లాడుతూనే ఉన్నాం, ఇద్దరం మా మా వాటాలు శ్రద్ధగానే చేస్తున్నాం. శుక్లాలు ముదిరాయని డాక్టరు చెప్పాక ఆపరేషన్ అయింది, అమ్మ ఇప్పుడు పేపరు చదువుతోంది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు తమ్ముడూ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

ఆ రోజు సాయంత్రం ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించాం. అమ్మ కళ్ళు: తమ్ముడు. నాన్న షుగరు: నేను. ఇంటి పన్ను: తమ్ముడు. కారు గడప: నేను.

ఈ వారం చేయాల్సింది

ఆదివారం పొద్దున డ్రైవర్ తలుపు తీసి, గడప మీద తెల్లటి గుడ్డతో ఒక్కసారి గీయండి. గుడ్డను భద్రంగా ఉంచుకోండి. తుడవడం అయ్యాక, పక్కనే ఇంకో గీత గీసి రెండూ పోల్చుకోండి.

టైరు ఒత్తిడి స్టిక్కర్ వెతికి, ఆ అంకెను ఫోన్‌లో రాసుకోండి.

తర్వాత ఒక కాగితం తీసుకోండి. మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఇద్దరు మనుషుల వాటాల మధ్య పడిపోయిన పని ఒక్కటి రాయండి. దాని పక్కన ఒక మనిషి పేరు రాయండి. "అందరం" అని రాయకండి, ఆ పేరుతో పిలిస్తే ఎవరూ పలకరు.